మొండి ఆయిల్ లీకు: కరిసల్ సీమలో కారు ఇంజనులో దాని జాడ తీసే తీరు

ఇంజను లోపల తిరుగుతూ ఉండాల్సిన ఆయిలు ప్యాకింగునో సీలునో దాటుకుని బయటపడటాన్ని ఆయిల్ లీకు అంటారు. భాగం మార్చినా, బోల్టు బిగించినా నాలుగు రోజుల్లో మళ్లీ కనిపించేది మొండి లీకు. ఈ వ్యాసం ఆ రెండో రకం గురించి. మొండి లీకుల్లో ఎక్కువ వాటికి రెండు కారణాల్లో ఒకటి ఉంటుంది. ఆయిలు పుట్టిన చోటు ఒకటి, మార్చిన భాగం ఇంకొకటి అయి ఉంటుంది. లేదా ఆయిలును బయటికి నెడుతున్న ఒత్తిడిని ఎవరూ చూసి ఉండరు. సీలు నాణ్యత, బిగించినవారి పనితనం వీటి తర్వాతే వస్తాయి.

కడంబూరు తమిళనాడులోని తూత్తుకుడి జిల్లాలో, కోవిల్‌పట్టికి దక్షిణంగా, మధురై–తిరునెల్వేలి రైలుమార్గం మీద ఉన్న చిన్న పట్టణం. కన్యాకుమారి నుంచి శ్రీనగర్ దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి దానికి పడమరగా కయత్తారు మీదుగా వెళుతుంది. పాతవాళ్లు దాన్ని ఇప్పటికీ ఏడో నంబరు అనే అంటారు. ఉత్తరానికి వెళితే కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగరు. నాయక రాజుల కాలం నుంచి తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు ఈ ఊళ్ల చుట్టుపక్కల చాలా ఉన్నాయి. నేల నల్లరేగడి, పంట పత్తి, మినుము, పెసర. తమిళంలో దీన్ని కరిసల్ సీమ అంటారు.

ఈ నేలకీ లీకుకీ సంబంధం ఉంది. వేసవిలో రేగడి నెర్రెలు విచ్చి, మెత్తటి ధూళి లేస్తుంది. ఆయిలు తడి ఎక్కడుంటే అక్కడ ఆ ధూళి అంటుకుని నెలల తరబడి పేరుకుని నల్లటి అట్ట కడుతుంది. ఐప్పసి, కార్తీక మాసాల ఈశాన్య వానల్లో దాని మీద జిగట బురద చేరుతుంది. కొత్తగా చూసేవారికి ఇంజను అడుగంతా లీకులాగే ఉంటుంది. అలవాటైన మెకానిక్కుకు ఆ అట్టే సాక్ష్యం. వేలిగోటితో గీస్తే మందంగా, పొడిగా పెళుసుగా రాలిపోయే చోట లీకు పాతది, బహుశా ఆగిపోయినది. అట్ట మీద మెరుస్తూ ధారగా తడి కనిపిస్తే అది ఇవాళ్టి లీకు. మందమైన అట్ట మధ్యలో ఒక సన్నటి చార మాత్రం శుభ్రంగా, ఇనుము కనిపించేలా ఉంటే అక్కడ ఆయిలు ధూళిని నిలవనివ్వకుండా కడిగేస్తోందని అర్థం. ఆ చార వెంట పైకి వెళ్లాలి. కడిగాక ఈ ఆధారం ఉండదు కాబట్టి కడగకముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోవడం మంచి అలవాటు.

కారుతున్నది ఏమిటి

చుక్క కనిపించగానే ఇంజను ఆయిలే అనుకోవడం సాధారణం. ఏసీ వేసుకుని వచ్చిన కారు కింద పడే నీళ్లు చూసి కంగారు పడేవారు కూడా ఉంటారు. తెల్ల కాగితం మీద ఒక చుక్క పట్టి చూస్తే చాలావరకు తేలిపోతుంది. ఇంజను ఆయిలు తేనెరంగు నుంచి నలుపు దాకా ఉంటుంది. డీజిల్ ఇంజన్లలో మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. గేరు ఆయిలు చిక్కగా ఉండి గంధకపు వాసన కొడుతుంది, ఒకసారి ముక్కుకు తగిలితే మరచిపోలేం. ఆటోమేటిక్ గేరుబాక్సు, పవర్ స్టీరింగు ద్రవాలు తరచు ఎర్రగా ఉంటాయి. కూలెంటు పచ్చగానో గులాబీరంగుగానో ఉండి, వేళ్ల మధ్య రుద్దితే జిడ్డు తక్కువగా, వాసన తియ్యగా ఉంటుంది. బ్రేకు ద్రవం పలచగా ఉండి, పడిన చోట పెయింటు లేపేస్తుంది. అది కనిపిస్తే మిగతా పనంతా ఆపి ముందు దాని సంగతి చూడాలి.

తర్వాత ఎంత పోతోందో చూసుకోవాలి. ఒక చుక్క సుమారు 0.05 మిల్లీలీటరు. రాత్రంతా నిలిపిన చోట ఇరవై చుక్కలు పడితే నేల మీద మరక పెద్దగా కనిపిస్తుంది, పోయింది మాత్రం ఒక మిల్లీలీటరే. అదే నడుస్తున్న బండి 50 మీటర్లకు ఒక చుక్క రాల్చుకుంటూ పోతే 1000 కిలోమీటర్లకు ఒక లీటరు పోయినట్టు. చిన్న కార్లలో పట్టేదే మూడు నాలుగు లీటర్లు. అందుకే నేల మీద మరకను బట్టి లీకు తీవ్రతను కొలవలేం, డిప్‌స్టిక్కుతోనే కొలవాలి. చదునైన చోట, ఇంజను ఆపిన పది నిమిషాల తర్వాత చూసి, కిలోమీటర్లతో సహా రాసుకోవాలి. ఇంజను బయట ఎక్కడా తడి లేకపోయినా ఆయిలు తగ్గుతుంటే అది చాలావరకు లీకు కాదు, లోపల కాలుతోంది. అది వేరే జబ్బు, వేరే వైద్యం.

ఈ లెక్క రాసే అలవాటుకు బస్సుల వ్యాపారం సరైన చోటు. మధురైలో టి.వి. సుందరం అయ్యంగార్ 1911లో మొదలుపెట్టిన సంస్థ, కోయంబత్తూరు పక్క కలంగల్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు 1920లో పొల్లాచ్చి–పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెంచిన యూనివర్సల్ మోటార్ సర్వీసు తమిళ దేశంలో మోటారు పనికి బడుల్లాంటివి. బస్సు రోజూ అదే దారిలో అదే దూరం తిరుగుతుంది. ఎన్ని మైళ్లకు ఎంత ఆయిలు పోశారో పుస్తకంలో ఉంటే ఏ వారం నుంచి లీకు ముదిరిందో పుస్తకమే చెబుతుంది. సొంత కారుకు అలాంటి పుస్తకం ఉండదు. డాష్‌బోర్డు పెట్టెలో ఒక చిన్న నోటు పుస్తకం ఉన్నా సరిపోతుంది.

పడే చోటు, పుట్టే చోటు

ఆయిలు రెండు దిక్కులకు ప్రయాణిస్తుంది: బరువుకు కిందికి, గాలికి వెనక్కి. రేడియేటరు ఫ్యాను, ఎదురుగాలి కలిసి ముందు భాగంలో పుట్టిన తడిని చాంబరు వెనక అంచు దాకా పూస్తాయి. చాంబరు అంటే ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టి. షెడ్లలో దానికి ఉన్న పేరు అదే. అందువల్ల అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందున ఉన్న తడి ఎక్కడుందో అక్కడి నుంచి వెతకాలి. చుక్క రాలే చోటును పట్టుకుని అక్కడే ఉన్న సీలును మార్చడం వల్ల ఖర్చయిన డబ్బు ఇంతా అంతా కాదు.

దీనికి మంచి ఉదాహరణ ఫియట్ రూపొందించిన 1248 సీసీ డీజిల్ ఇంజను. మారుతి స్విఫ్టులోనూ డిజైరులోనూ, టాటా విస్టాలోనూ, ఫియట్ కార్లలోనూ ఇదే ఇంజను కాబట్టి తమిళనాడు ట్యాక్సీ స్టాండుల్లో చాలా ఏళ్లు ఇదే వినిపించింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చినప్పుడు మారుతి డీజిల్ కార్లు ఆపేసింది కానీ పాతవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఈ బండ్లలో గేరుబాక్సుకీ ఇంజనుకీ మధ్య కీలు దగ్గర, బెల్ హౌసింగు అడుగున, ఆయిలు చుక్కలు కడితే మొదటి అనుమానం ఫ్లైవీలు వైపు క్రాంకు సీలు మీదికి పోతుంది. ఆ సీలు మార్చాలంటే గేరుబాక్సు దించాలి, క్లచ్చు విప్పాలి. ఒక రోజు పని. అయితే సిలిండరు హెడ్డుకు అదే పక్కన, గేరుబాక్సుకు సరిగ్గా పైన, బ్రేకు బూస్టరుకు వాక్యూమ్ ఇచ్చే పంపు ఉంటుంది. క్యామ్‌షాఫ్టు చివర అది తిరుగుతుంది. దాని ప్యాకింగు వడలిపోతే ఆయిలు హెడ్డు పక్క నుంచి దిగి, గేరుబాక్సు పైకప్పు మీదుగా జారి, బెల్ హౌసింగు చుట్టూ తిరిగి అడుగున చుక్క కడుతుంది. తడిని పైకి వెతికితే పది నిమిషాల్లో దొరికే లీకు ఇది. గేరుబాక్సు దించి కొత్త సీలు వేసినా ఈ లీకు ఆగదు, అప్పుడది మొండిదని పేరు తెచ్చుకుంటుంది.

పాత మారుతి 800 సంగతీ ఇంతే. 1983 డిసెంబరులో వచ్చిన ఆ కారు 796 సీసీ ఇంజనులో డిస్ట్రిబ్యూటరు క్యామ్‌షాఫ్టు చివర, గేరుబాక్సు వైపే ఉంటుంది. దాని రబ్బరు రింగు ఎండిపోతే ఆయిలు అదే దారిలో దిగుతుంది. ఆ రింగు ఖరీదు రూపాయల్లో ఉంటుంది, గేరుబాక్సు దించే కూలి మాత్రం వందల్లో, వేలల్లో.

బెల్ హౌసింగు లోపలి నుంచే నిజంగా ఆయిలు వస్తుంటే కూడా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది: అది ఇంజనుదా, గేరుబాక్సుదా? రెండిటి మధ్యా క్లచ్చు గది ఉమ్మడి. వేలికి అంటించి వాసన చూస్తే, గంధకం వాసన వస్తే గేరుబాక్సు ముందు సీలు. క్లచ్చు జారుతుంటే, ఎక్కుడులో ఇంజను అరుస్తూ బండి కదలకపోతే, ఆయిలు ప్లేటు దాకా చేరిందన్నమాట. అప్పుడు ఆలస్యం చేయకూడదు.

ఆగినప్పుడా, నడిచేటప్పుడా

ఇంజనులో ఆయిలు రెండు స్థితుల్లో ఉంటుంది. పంపు నుంచి ఫిల్టరు, బేరింగుల దాకా ఒత్తిడితో వెళ్లే దారి ఒకటి. వేడెక్కిన ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు ఒక బారు చుట్టుపక్కల, 3000 చుట్ల దగ్గర మూడు నాలుగు బార్ల ఒత్తిడి అక్కడ ఉంటుంది. పని చేసి తిరిగి కిందికి జారే ఆయిలుకు ఏ ఒత్తిడీ ఉండదు. హెడ్డు మీది ట్యాపెట్ కవరు, చాంబరు, క్రాంకు సీళ్లు ఈ రెండో దారిలోవి.

ఈ తేడా వెతుకులాటకు చాలా పనికొస్తుంది. ఇంజను స్టార్టు చేయగానే ధార కట్టి, ఆపగానే ఆగితే అది ఒత్తిడి వైపు: ఫిల్టరు రింగు, ఆయిల్ ప్రెషరు స్విచ్చి, ఆయిల్ కూలరు, టర్బోకు వెళ్లే సన్న పైపు. ఆపిన తర్వాతే నెమ్మదిగా చుక్కలు పడితే జారే వైపు చూడాలి. ఫిల్టరు విషయంలో ఒక పాత తప్పు ఇప్పటికీ జరుగుతుంటుంది. పాత ఫిల్టరు విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజనుకే అతుక్కుని ఉండిపోతుంది. చూడకుండా కొత్తది బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. షెడ్డులో అంతా బాగుంటుంది. హైవే ఎక్కి చుట్లు పెరిగాక రింగు పక్కకు జరిగి, కొన్ని నిమిషాల్లో ఆయిలంతా రోడ్డు పాలవుతుంది.

ప్రెషరు స్విచ్చి లీకు చాలా మోసకారి. అది ప్లాస్టిక్ తల ఉన్న చిన్న బిళ్ల, చివర ఒక వైరు. లోపలి పొర చిరిగితే ఆయిలు దాని మర దగ్గర కాకుండా తల గుండా వచ్చి, కనెక్టరులో దూరి, వైరు వెంట పాకుతుంది. ఒక్కోసారి అడుగు దూరంలో టేపు చుట్టిన చోట చుక్క కడుతుంది. కనెక్టరు లాగి లోపల చూడాలి. అందులో ఆయిలు ఉంటే స్విచ్చి పోయినట్టే, ఇంకో పరీక్ష అక్కర్లేదు.

చూడాల్సిన వేగాలు కూడా రెండు. కడంబూరు నుంచి పల్లెదారుల్లో నలభైలో తిరిగే కారులో బయటపడని లీకు, అదే కారు కయత్తారు దగ్గర నాలుగు వరసల రోడ్డెక్కి మధురై దాకా వందలో పోతే బయటపడుతుంది. చుట్లు, వేడి, లోపలి గాలి మూడూ పెరుగుతాయి. మొండి లీకు కోసం పరీక్షిస్తున్నప్పుడు షెడ్డు చుట్టూ రెండు వీధులు తిప్పి తీసుకురావడం చాలదు.

కడగడం, పౌడరు చల్లడం

ఈ పనిలో అన్నిటికన్నా విసుగైనదీ, అన్నిటికన్నా ఫలితమిచ్చేదీ కడగడం. ఇంజను చల్లారాక డీజిల్‌లోనో కిరోసిన్‌లోనో ముంచిన బ్రష్షుతో అట్టను నానబెట్టి గీకాలి. తర్వాత సబ్బునీళ్లు. ఆల్టర్నేటరు, ఫ్యూజు పెట్టె, సెన్సారు కనెక్టర్లకు ప్లాస్టిక్ కవరు చుట్టి కట్టాలి. వాటి మీదికి ప్రెషరు నీళ్లు కొడితే ఒక జబ్బు పోయి ఇంకొకటి వస్తుంది. ఆపైన గాలి కొట్టి, కాటన్ వేస్టుతో తుడిచి, మూలల్లో కూడా వేలికి తడి అంటకుండా ఆరబెట్టాలి. ఆ దారపు ముద్ద ఈ ప్రాంతపు సరుకే: నూలుమిల్లుల్లో మిగిలిన దారం నుంచి వస్తుంది. కోయంబత్తూరు తెలుగు కుటుంబమొకటి 1910లో స్థాపించిన లక్ష్మీ మిల్స్‌కు కోవిల్‌పట్టిలోనూ మిల్లుంది.

అనుమానం ఉన్న కీళ్లన్నిటి మీదా పలచగా టాల్కం పౌడరు చల్లాలి. ఇంట్లో వాడే ఏ ముఖం పౌడరైనా సరే. డబ్బా వంచి కుమ్మరిస్తే గడ్డలు కట్టి ఏమీ తెలియదు. పలచటి గుడ్డలో మూటకట్టి తట్టితే పొగమంచులా పరుచుకుంటుంది. పది కిలోమీటర్లు నడిపి తెచ్చి, టార్చి వేసి, చిన్న అద్దం పట్టుకుని చూడాలి. పౌడరు తెల్లగా ఉన్నంత మేరా ఆ కీలు నిర్దోషి. లీకున్న చోట ముందు లేత గోధుమరంగు మచ్చ వస్తుంది, దాని కిందికి సన్నటి గీత దిగుతుంది. గీత పై కొస ఎక్కడ మొదలైందో అదే చోటు. నడపడం ఎక్కువైతే మచ్చలు కలిసిపోయి మళ్లీ మొదటికొస్తుంది. అందుకే కొద్ది కొద్దిగా నడుపుతూ చూడటం మేలు. రోజుకు వంద మిల్లీలీటర్లు కారే లీకుకు ఒక్క చుట్టు చాలు. వారానికి నాలుగు చుక్కలు పడేదానికి రెండు మూడు రోజులు పడుతుంది.

పౌడరుకు అందని చోట్లకు యూవీ రంగు. ఆయిలులో కలిపే ఈ ద్రవం అతినీలలోహిత దీపం కింద పసుపు పచ్చగా వెలుగుతుంది. కలిపి, కొంత దూరం నడిపి, చీకట్లో పసుపు కళ్లద్దాలు పెట్టుకుని చూస్తారు. నోట్లు పరీక్షించే దీపంతోనూ కొంతవరకు పని జరుగుతుంది. దీనికీ ముందు కడగడం తప్పదు. లేకపోతే ఆయిలు నింపేటప్పుడు ఒలికిన రెండు చుక్కలే పెద్ద లీకులా వెలిగి దారి తప్పిస్తాయి.

ఇంజను ఆపి ఉంచి చేసే పరీక్ష గాలిది. చాంబరులోని వాయువు బయటికి పోయే బ్రీదరు పైపులు మూసేసి, డిప్‌స్టిక్కు గొట్టం గుండా తక్కువ ఒత్తిడి గాలి పంపి, కీళ్ల మీద సబ్బు నురగ పూస్తే లీకున్న చోట బుడగలు లేస్తాయి. మూడు నుంచి ఐదు పీఎస్ఐ మించకూడదు. టైర్లకు కొట్టే కంప్రెసరును రెగ్యులేటరు లేకుండా తగిలిస్తే బాగున్న సీళ్లు కూడా గూడు వదిలి బయటికి వస్తాయి. పొగ యంత్రాలతోనూ ఇదే సూత్రం మీద వెతుకుతారు, అవి పెద్ద షెడ్లలోనే ఉంటాయి.

బ్యాక్ కంప్రెషన్

మొండి లీకుల అసలు మూలం చాలాసార్లు ఇక్కడే. సిలిండరులో మండిన వాయువు కొంత పిస్టను రింగుల పక్క నుంచి చాంబరులోకి జారుతుంది. కొత్త ఇంజనులోనూ కొద్దిగా జారుతుంది. దాన్ని మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అంటారు. ఆ వాయువుకు బయటికి దారి లేకపోతే చాంబరులో ఒత్తిడి పెరిగి, ఎక్కడ బలహీనమైన సీలుంటే అక్కడి నుంచి ఆయిలును తోసుకుని వస్తుంది. ఒక సీలు మారిస్తే ఇంకో చోట, అదీ మారిస్తే డిప్‌స్టిక్కు నుంచి. ఒకే ఇంజనుకు మూడు చోట్ల ఒక్కసారిగా లీకు మొదలైందంటే మూడు ప్యాకింగులు ఒకేరోజు పాడైపోయాయని నమ్మకూడదు.

పాత కార్లలో ఈ వాయువును ఒక గొట్టంతో నేరుగా రోడ్డు మీదికి వదిలేసేవారు. పొగమంచు బెడద వల్ల కాలిఫోర్నియాలో 1960ల మొదట్లో దాన్ని తిరిగి ఇంజనులోకే పీల్చే ఏర్పాటు తప్పనిసరి అయింది. ఇప్పుడు దాదాపు అన్ని కార్లలోనూ ఉన్న పీసీవీ వాల్వు అదే. అది జిగురు పట్టి మూసుకుపోతే పైన చెప్పినదంతా మొదలవుతుంది. పెట్రోలు కార్లలో ఆ వాల్వు విప్పి ఊపి చూస్తే లోపలి బిళ్ల టకటకమనాలి. బ్రీదరు గొట్టం మెత్తబడి లోపలికి నలిగిపోయిందేమో, కొసలో మైనంలాంటి ముద్ద కట్టిందేమో కూడా చూడాలి.

పరీక్ష సులువు. ఇంజను ఊరికే తిరుగుతుండగా ఆయిలు పోసే మూత తీసి, దాని మీద పలచటి ప్లాస్టిక్ సంచి పరచాలి. పెట్రోలు ఇంజను దాన్ని కొద్దిగా లోపలికి పీల్చాలి. డీజిల్ అయితే కాస్త అల్లాడటం మామూలే. సంచి బుడగలా ఉబ్బి ఎగిరితే, మూత సందులోంచి పొగ చిమ్మితే బ్యాక్ కంప్రెషన్ ఎక్కువుంది. కొలత కావాలంటే డిప్‌స్టిక్కు గొట్టానికి సన్నటి పారదర్శక పైపు తగిలించి, దాన్ని వంచి సగం నీళ్లు పోసి, రెండు పక్కల నీటిమట్టాల మధ్య తేడా ఎంతుందో స్కేలుతో చూడొచ్చు. సెంటీమీటరు నీరు సుమారు ఒక మిల్లీబారు.

బ్రీదరు శుభ్రంగా ఉన్నా ఒత్తిడి తగ్గకపోతే రింగులు, బోర్లు అరిగినట్టు. కరిసల్ ధూళి ఇక్కడ మళ్లీ వస్తుంది. చిరిగిన ఎయిర్ ఫిల్టరుతో, లేదా దాని పైపుకు క్లిప్పు వదులై, ధూళి పీల్చిన ఇంజను బోరు తొందరగా అరుగుతుంది. సీలు కోసం వచ్చిన బండి బోరు పనికి వెళ్లాల్సి రావచ్చు. ఆ మాట యజమానికి ముందే చెప్పే మెకానిక్కు దగ్గరికే తర్వాత కూడా వెళ్లాలి.

సీలు, ప్యాకింగు, పేస్టు

తిరిగే షాఫ్టు చుట్టూ ఆయిలును ఆపడం చాలాకాలం ఇంజనీర్లకు తలనొప్పిగా ఉండేది. జర్మనీలో వైన్‌హైమ్ పట్టణపు ఫ్రాయిడెన్‌బెర్గ్ అనే తోళ్ల కంపెనీ ముందు తోలుతో సీళ్లు చేసి, 1930ల్లో కృత్రిమ రబ్బరుకు మారింది. వాల్టర్ జిమ్మర్ అనే ఇంజనీరు పేరు మీద అక్కడ ఇప్పటికీ వాటిని జిమ్మర్‌రింగులు అంటారు. గుండ్రటి రబ్బరు ఓ-రింగుకు డెన్మార్కులో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సెన్ 1939లో పేటెంటు పొందాడు. ఇప్పుడు మధురైలో కర్మాగారమున్న ఫెన్నర్ కంపెనీ బెల్టులతో పాటు ఆయిల్ సీళ్లు కూడా తయారుచేస్తోంది.

అలాంటి సీలు లేకుండా కట్టిన ఇంజన్ల సంగతి తెలియాలంటే అంబాసిడరు చూడాలి. దాని 1489 సీసీ పెట్రోలు ఇంజను బ్రిటిష్ బీఎంసీ నమూనా. వెనక క్రాంకుకు పెదవి ఉన్న రబ్బరు సీలు లేదు. షాఫ్టు మీద వెనక్కి తిప్పే మర మాత్రం ఉంది. తిరుగుతున్నంతసేపు ఆ మర ఆయిలును లోపలికి తోడుతుంది, ఆగితే ఒకటి రెండు చుక్కలు జారతాయి. బోరు అరిగి లోపల ఒత్తిడి పెరిగితే మర చేతులెత్తేస్తుంది. 2014లో వాటిని తయారుచేసిన ఉత్తరపారా ఫ్యాక్టరీ మూతపడే దాకా ఎన్ని అంబాసిడర్లు రాత్రిళ్లు కింద రేకు పెట్టుకుని పడుకున్నాయో లెక్కలేదు. వాటి వెనక లీకుకు మందు ఇంజను రిపేరే. విడిగా మార్చడానికి అక్కడ సీలే లేదు.

రబ్బరు సీలు పెదవి షాఫ్టుతో పూర్తిగా పొడిగా రాసుకోదు. సన్నటి ఆయిలు పొర మీద జారుతూ, బయటికి రాబోయే ఆయిలును లోపలికి తోస్తుంది. ఏళ్ల తరబడి అలా నడిస్తే, మధ్యలో ధూళి చేరితే, ఇనుప షాఫ్టు మీదే గాడి పడుతుంది. గోటికి ఆ గాడి తగిలితే కొత్త సీలు అదే చోట కూర్చోబెట్టి లాభం లేదు. గూడులో చోటుంటే సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కొడతారు. లేదంటే షాఫ్టు మీదికి పలచటి స్టీలు తొడుగు ఎక్కిస్తారు; ఎస్‌కేఎఫ్ కంపెనీ తొడుగుల మందం 0.28 మిల్లీమీటరు మాత్రమే. స్ప్రింగు లేని, తెల్లటి లేదా నల్లటి టెఫ్లాన్ పెదవి ఉన్న కొత్తరకం సీళ్లకు నియమం తిరగబడుతుంది: వాటికి ఆయిలు పూయకుండా, పొడిగానే ఎక్కించి, స్టార్టు చేసేముందు కొన్ని గంటలు వదిలేయాలి. పాత అలవాటుతో గ్రీజు రాసి ఎక్కిస్తే కొత్త సీలే కారుతుంది.

రబ్బరు రకం కూడా చూడాలి. నైట్రైల్ రబ్బరు సుమారు 100–120 డిగ్రీల దాకా నిలుస్తుంది, ఎక్రిలిక్ 150 దాకా, ఫ్లోరో రబ్బరు 200 దాకా. విడిభాగాల దుకాణం సరుకులో కొలత సరిపోయినంత మాత్రాన రకం సరిపోయినట్టు కాదు. టర్బో పక్కన వేసిన మామూలు రబ్బరు ఒక వేసవి తిరక్కుండానే గట్టిబడుతుంది.

ఇక పేస్టు. దక్షిణాదిన సిలికాన్ పేస్టుకు చెన్నై కంపెనీ పేరైన అనాబాండు వాడుకపదం అయిపోయింది. సరిగ్గా వాడితే అది మంచి సరుకే. చాలా ఇంజన్ల చాంబర్లకు కంపెనీలు ప్యాకింగు లేకుండా సిలికాన్ పూతే వేస్తాయి. చిక్కు వాడే తీరుతో వస్తుంది. పాత పేస్టు గీకకుండా, ఆయిలు తడి తుడవకుండా, దాని మీదే వేలెడు మందం పూసి బిగించి వెంటనే స్టార్టు చేస్తే మూడు రోజుల్లో లీకు తిరిగొస్తుంది. లోపలికి పిసికిన పేస్టు గడ్డలై ఊడి చాంబరులోని జల్లెడకు అడ్డం పడితే ఆయిలు పంపుకు ఆయిలందదు, లీకు కోసం వచ్చిన ఇంజను బేరింగు పట్టేసి పోతుంది. పల్చటి, తెగని గీతగా, బోల్టు రంధ్రాలకు లోపలి వైపు నుంచి పూసి, పొర కట్టేలోపే తేలికగా బిగించి, ఒక రోజు ఆరనివ్వాలి. రబ్బరు ప్యాకింగు ఉన్న ట్యాపెట్ కవరుకు పేస్టు చాలావరకు అక్కరలేదు. హెడ్డు మీద అర్ధచంద్రాకారపు మూలల్లో, టైమింగు కవరు కలిసే అతుకు దగ్గర ఒక్కో చుక్క చాలు.

ట్యాపెట్ కవరు బోల్టులు ఎక్కువగా ఆరు మిల్లీమీటర్లవి, ఎనిమిది నుంచి పది న్యూటన్ మీటర్లు వాటికి సరిపోతుంది. లీకు చూసి ఇంకా బిగిస్తే రేకు కవరు వంగి బోల్టుల మధ్య సందు పడుతుంది, కార్కు ప్యాకింగు పిండిలా నలిగిపోతుంది. వంగిన రేకును చదునైన గాజుపలక మీద పెట్టి చూసి, సుత్తితో మెల్లగా తట్టి సరిచేసి వేసుకోవాలి. డ్రెయిన్ నట్టు కింది రాగి లేదా అల్యూమినియం వాషరు ఒక్కసారికే. అల్యూమినియం చాంబరు మర పోయిందంటే ఎంత బిగించినా వృథా, కొత్త మర తొడుగు వేయించాలి.

మందులు, ఉపేక్ష

లీకు ఆపుతామని సీసాల్లో అమ్మే మందుల్లో సీళ్ల రబ్బరును ఉబ్బించి మెత్తబరిచే రసాయనాలుంటాయి. ఎండి కుంచించిన సీలుకు కొన్నాళ్లు పనిచేస్తాయి, చిరిగినదానికీ గాడి పడిన షాఫ్టుకూ చేయవు. 5డబ్ల్యూ-30 పోయాల్సిన ఇంజనులో 20డబ్ల్యూ-50 పోస్తే కారడం తగ్గినట్టు కనిపిస్తుంది. అలా చేస్తే చల్లటి ఉదయం స్టార్టు చేసినప్పుడు పైభాగానికి ఆయిలు ఆలస్యంగా అందుతుంది.

అన్ని లీకులనూ తరమక్కర్లేదు కూడా. కీలు వెంట తడి మెరుపు ఉండి చుక్క కట్టకపోతే దాన్ని ఊట అంటారు. పాత ఇంజనులో దాన్ని గమనిస్తూ ఊరుకోవచ్చు. ఊరుకోకూడనివి: ఎగ్జాస్టు మానిఫోల్డు, టర్బో మీద పడే ఆయిలు (అవి కొన్ని వందల డిగ్రీల వేడెక్కుతాయి, సిగ్నలు దగ్గర ఆగినప్పుడు వచ్చే కమురు వాసన నిప్పుకు ముందు హెచ్చరిక), రబ్బరు టైమింగు బెల్టును తడిపేది, క్లచ్చులోకి పోయేది, ఒత్తిడి వైపు నుంచి వచ్చే ఏదైనా.

పని అయ్యాక ఇంజనును మళ్లీ కడగాలి. పాత తడి మిగిలి ఉంటే మరుసటి వారం కొత్త లీకని పొరబడతారు. అట్ట ముక్క ఒకటి రాత్రి బండి కింద పరిచి, ముందు చక్రం ఎక్కడ నిలిచిందో దాని మీద గుర్తు పెడితే చుక్క ఇంజనులో ఏ భాగం కింద పడిందో తెలుస్తుంది. 500 కిలోమీటర్లకోసారి డిప్‌స్టిక్కు చూసి రాయాలి. దించిన పాత ఆయిలు, కడిగిన డీజిల్ నేల మీద పారబోయకూడదు. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన ఆయిలును అనుమతి ఉన్న రీసైక్లింగువారికే ఇవ్వాలి. పీపాలో వేరుగా పట్టి, కూలెంటు కలవకుండా మూతపెట్టి ఉంచితే వాళ్లే వచ్చి కొని పట్టుకుపోతారు.